విశాఖ ఉక్కపోతలో స్మోకీ కళ్లు: ఒక 12 రంగుల పాలెట్ సంగతి

మా పిన్ని కూతురి రిసెప్షన్‌కు కళ్ల అలంకరణ ఇంట్లోనే చేసుకోవాలన్న పట్టుదలతో, మే నెలలో జగదాంబ కూడలి దగ్గర ఒక దుకాణంలో 12 రంగుల ఐషాడో పాలెట్‌ను 850 రూపాయలు పెట్టి కొన్నాను. మూడు నెలలుగా వాడుతున్నాను. ఇందులోని గోధుమ రంగులు ధరకు మించిన పనితనం చూపించాయి కాని, స్మోకీ అలంకరణకు ప్రాణమైన నలుపు మాత్రం రెప్ప మీదికి వచ్చేసరికి బూడిదగా తేలింది. నా చేతికి వచ్చిన ఒక్క పెట్టెను చూసి ఒక కంపెనీ సరుకంతటినీ తప్పుపట్టడం న్యాయం కాదు కనుక దాని పేరు రాయడం లేదు.

నలుపు విషయంలో నేను మోసపోయింది దుకాణంలోనే. అమ్మే అమ్మాయి వేలితో నలుపును గట్టిగా రుద్ది, నా ముంజేతి మీద ఒక్క గీత గీసి, "చూడండక్కా, ఎంత చిక్కగా ఉందో" అంది. నిజంగానే అది కాటుకలా మెరిసింది. వేలికి ఉండే సహజమైన జిడ్డు, నొక్కిన ఒత్తిడి కలిసి ఏ పొడినైనా చిక్కగా చూపిస్తాయనీ, రెప్ప మీద పనిచేసేది మెత్తటి బ్రష్ కనుక పరీక్ష కూడా బ్రష్‌తోనే జరగాలనీ ఇంటికి వచ్చాక కాని తట్టలేదు. పదిమంది వేళ్లు పడిన నమూనా పెట్టెను కంటికి తగలనివ్వకుండా చేతి మీదే చూసుకోవడం ఒక్కటే ఆ రోజు నేను చేసిన తెలివైన పని.

గోధుమ రంగుల గురించి తీరిగ్గా చెప్పాలి, ఎందుకంటే ఈ పెట్టెకు పెట్టిన డబ్బు వాటి వల్లే గిట్టింది. మెరుపు లేని మ్యాట్ గోధుమలు నాలుగున్నాయి: చందనపు ఛాయ, ఇటుక రంగు, చాక్లెట్ రంగు, దాదాపు నలుపనిపించే కాఫీ గింజ రంగు. స్మోకీ అంటే నల్లగా పులమడం కాదు. వెంట్రుకల మొదళ్ల దగ్గర చిక్కగా మొదలైన రంగు పైకి పోయేకొద్దీ పలచబడి, ఎక్కడ ఆగిందో తెలియకుండా చర్మంలో కలిసిపోవాలి. అందుకని ముందుగా ఇటుక రంగును ఒత్తుగా ఉండే మెత్తటి బ్రష్‌తో రెప్ప మడతలో అటూ ఇటూ తిప్పి, దాని కింద చాక్లెట్ రంగును, ఇంకా కిందికి కాఫీ రంగును అద్దుకుంటూ వచ్చాను. మన చామనఛాయ మీద నలుపును నేరుగా బూడిద రంగులోకి కలిపితే కన్ను నీరసంగా, నిద్ర లేనట్టు కనిపిస్తుంది. అదే నలుపు ఇటుక రంగులోకి కరిగితే పొగ పొగలాగే కనిపిస్తుంది. ఈ పెట్టెలోని బూడిద రంగును నేను రెండోసారి ముట్టుకోలేదు. మెరుపు రంగులు ఐదింటిలో రాగి రంగు ఒక్కటి రెప్ప నడుమ చిటికెడు అద్దుకోవడానికి పనికొస్తుంది.

ఇక నలుపు. బ్రష్‌తో తీస్తే పొడి రేగుతుంది, రెప్ప మీద అక్కడక్కడా అతుక్కుని మిగతాచోట్ల ఊడిపోతుంది, కలపబోతే మురికి మరకలా చెదిరిపోతుంది. అట్టపెట్టె మీది పదార్థాల పట్టికలో మొదటి పేరు టాల్క్, నల్ల ఐరన్ ఆక్సైడ్‌ను సూచించే 77499 అంకె ఎక్కడో చివర ఉంది. పట్టికలో పేర్లు సాధారణంగా ఎక్కువ పాలు ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదానికి వరుసగా రాస్తారు కాని, రంగు పదార్థాలను మాత్రం చివర ఏ వరుసలోనైనా రాయవచ్చు కాబట్టి, నలుపు ఎందుకు తేలిపోతోందో పట్టికను బట్టి చెప్పలేను. దీనికి నాకు దొరికిన విరుగుడు కాజల్ పెన్సిల్. వెంట్రుకల మొదళ్ల వెంట పెన్సిల్‌ను మందంగా గీసి, అది గట్టిపడకముందే చిన్న బ్రష్‌తో పైకి చెరిపి, ఆ జిగురు మీద నల్ల పొడిని రుద్దకుండా నొక్కితే రంగు నిలుస్తుంది. అమ్మ ఆముదం దీపంతో పట్టి నేతిలో కలిపిన కాటుకతోనూ ప్రయత్నించాను; నలుపులో దానికి సాటి లేదు కాని నెయ్యి, ఆముదం ఎంతసేపటికీ ఆరవు కనుక అరగంటలో కింది రెప్పకు దిగింది. మైనం కలిసిన పెన్సిలే ఈ పనికి మేలు.

విశాఖలో ఏ అలంకరణకైనా అసలు పరీక్ష సముద్రపు తేమ పెడుతుంది. పెదవాల్తేరులోని మా ఇంట్లో ఫ్యాన్ వేస్తే పొడి ఎగిరి బుగ్గల మీద పడుతుంది, ఆపితే పని సగంలో ఉండగానే నుదురు చెమర్చుతుంది. చివరికి ఫ్యాన్ ఆపి కళ్లు ముందు పూర్తిచేసి, రాలిన పొడిని తడి దూదితో తుడిచి, ఆ తర్వాతే ముఖానికి ఫౌండేషన్ వేసుకునే పద్ధతి కుదిరింది. మొదటిసారి ప్రైమర్ (రంగు నిలవడానికి ముందుగా రెప్పకు రాసే పూత) లేకుండా వేసుకుని బీచ్ రోడ్డులో సాయంత్రం ఆరు నుంచి తిరిగితే, ఎనిమిదికల్లా రెప్ప మడతలో నలుపంతా ఒక గీతలా పేరుకుంది. "ఏంటే, ఏడ్చినట్టున్నావ్?" అని అమ్మ అడిగింది. రిసెప్షన్ రోజున ప్రైమర్‌ను పలచగా రాసి, చందనపు రంగు పొడిని దాని మీద అద్ది ఆరనిచ్చాక మిగతా రంగులు వేశాను. రాత్రి పదకొండింటికి ఇంటికి వచ్చి అద్దంలో చూసుకుంటే గోధుమలు చెక్కుచెదరలేదు. పెన్సిల్ మీద నొక్కిన నలుపు కంటి బయటి మూల దగ్గర కాస్త పలచబడింది, అంతే.

పెట్టెతోపాటు ఇచ్చిన స్పాంజి పుల్ల రంగు పూయగలదు కాని కలపలేదు. మెత్తటి బ్రష్ వేరే కొనుక్కోక తప్పదు. దీనికంటే నాకు ఎక్కువ కోపం తెప్పించింది బ్యాచ్ నంబరు, తయారీ లైసెన్సు నంబరు, గడువు తేదీ మూడూ పైన ఉండే అట్టపెట్టె మీద మాత్రమే అచ్చువేయడం. దాన్ని పారేసినవారికి తమ పాలెట్ ఎప్పటిదో తెలుసుకునే దారి లేదు. తెరిచిన డబ్బా బొమ్మలో 12ఎం అని, అంటే తెరిచాక 12 నెలలు వాడవచ్చని పెట్టె వెనుక ఉంది కాబట్టి, కొన్న నెలను మార్కర్‌తో అక్కడే రాసుకున్నాను.

మళ్లీ ఇదే కొంటానా అంటే కొనను. పన్నెండింటిలో అడుగు కనిపించేలా అరిగినవి మూడే, అవన్నీ గోధుమలే. అదే డబ్బుతో నాలుగు గోధుమల చిన్న పెట్టె, మంచి కాజల్ పెన్సిల్, ఒక బ్రష్ తీసుకుంటాను. ఇప్పటికే కొన్నవారు నల్ల గడిని పెన్సిల్ మీద మాత్రమే వాడండి. తీసేటప్పుడు రుద్దకుండా, కొబ్బరినూనె తడిపిన దూదిని మూసిన కంటి మీద అర నిమిషం ఆనించి కిందికి జార్చితే పెన్సిల్, పొడి రెండూ వచ్చేస్తాయి. ఆ తర్వాత ముఖం కడుక్కోవడం మరిచిపోయి పడుకున్నందుకు మా ఇంట్లో ఒక తెల్ల దిండు గలీబు ఇప్పటికీ రెండు నల్ల చారలతోనే ఉంది.