మూడు దశాబ్దాలుగా ఒకే లా ఆఫీసు: ఒక క్లయింటు సమీక్ష

విజయవాడలో మాది పంపుసెట్లు, పైపుల హోల్‌సేల్ వ్యాపారం. చుట్టుపక్కల జిల్లాల డీలర్లకు సరుకు అప్పు మీద ఇస్తాం కాబట్టి మాకు కోర్టు పని ఎప్పుడూ ఉంటుంది. 1990ల మొదట్లో మా నాన్నగారు వకాల్తా ఇచ్చిన లా ఆఫీసే ఇప్పటికీ మా కేసులు చూస్తోంది. అప్పట్లో అక్కడ సీనియర్ గారు, ఇద్దరు జూనియర్లు, ఒక గుమాస్తా, ఒక టైపిస్టు ఉండేవారు. ఇప్పుడు సొంత భవనం, విభాగానికో పార్ట్‌నర్, హైకోర్టు పనికి వేరే ఆఫీసు. లోటుపాట్లు కూడా రాస్తున్నాను కాబట్టి పేరు చెప్పను. ఒక ఆఫీసు పెరిగేటప్పుడు క్లయింటుకు ఏం దక్కుతుందో, ఏం పోతుందో లాయర్ కోసం వెతుకుతున్నవాళ్లకు తెలిస్తే మంచిదని ఇది రాస్తున్నాను.

మేము అక్కడే నిలబడిపోవడానికి కారణం ఒక్కటే. వేయకూడని కేసు వేయొద్దని మొహం మీదే చెప్తారు. మొదట్లో ఒక డీలరు పెద్ద మొత్తం ఎగ్గొట్టాడని నాన్నగారు లెడ్జరు పట్టుకుని వెళ్లారు. సీనియర్ గారు పెన్సిల్‌తో ఒక్కో పద్దూ చూసుకుంటూ వచ్చి, "చివరిసారి డబ్బు ఎప్పుడు కట్టాడు? బాకీ ఉన్నట్టు ఎక్కడన్నా రాసిచ్చాడా?" అని అడిగారు. రాసివ్వలేదు. చివరి చెల్లింపు జరిగి మూడేళ్లు దాటిపోయింది. "కాలదోషం పట్టిందండీ. దావా వేస్తే మీ కోర్టు ఫీజూ దండగే, నా ఫీజూ దండగే" అని పంపించేశారు. ఆ రోజు ఫీజు తీసుకోలేదు. పంపేముందు మాత్రం, ప్రతి మార్చిలో డీలర్ల దగ్గర బాకీ ఒప్పుకుంటూ సంతకం పెట్టిన కాగితం తీసుకోమన్నారు. మూడేళ్ల గడువు లోపల అలాంటి సంతకం పడితే, గడువు ఆ తేదీ నుంచి మళ్లీ మొదలవుతుంది. మా కొట్లో ఈ పద్ధతి నేటికీ నడుస్తోంది. దీనివల్ల మేము కోర్టుకు వెళ్లకుండానే వసూలు చేసుకున్న బాకీలే ఎక్కువ.

వాళ్లు పెరిగింది చాలావరకు చెక్ బౌన్స్ కేసులతోనే అని నా అంచనా. 1989 ఏప్రిల్ నుంచి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలో 138 సెక్షన్ అమల్లోకి వచ్చాక, ఊళ్లో వ్యాపారులందరికీ అదే ఆయుధమైంది. ఈ కేసుల్లో వాదన కంటే తేదీలు ముఖ్యం. చెక్కు చెల్లలేదని బ్యాంకు నుంచి మెమో అందిన 30 రోజుల్లో నోటీసు పంపాలి, నోటీసు అందుకున్న అవతలివాడికి 15 రోజులు గడువు, ఆ గడువు తీరిన నెలలోపు కేసు ఫైల్ చేయాలి. 2003కు ముందైతే నోటీసుకు కూడా 15 రోజులే ఉండేవి. ఈ ఆఫీసులో ప్రతి చెక్కు ఫైలు అట్ట మీద ఒక గులాబీ కాగితం అంటించి, అందులో ఈ తేదీలన్నీ ముందే లెక్కగట్టి రాసేవారు. గుమాస్తా గారు రోజూ పొద్దున ఫైళ్లు విప్పకముందే ఆ కాగితాలు చూసుకునేవారు. మా చెక్కు కేసు ఒక్కటి కూడా గడువు దాటిపోయి పోలేదు.

ప్రకటనలిచ్చి పెరగడానికి లాయర్లకు వీల్లేదు. బార్ కౌన్సిల్ నియమాల ప్రకారం బోర్డు కూడా ఒక మోస్తరు సైజులోనే ఉండాలి. కాబట్టి ఒకరి ద్వారా ఒకరు రావాల్సిందే. మా ద్వారానే ఎంతోమంది వ్యాపారులు అక్కడికి వెళ్లారు. 2005లో వ్యాట్ వచ్చాక పన్నుల విభాగం పెట్టారు, తర్వాత బ్యాంకుల పని వచ్చింది, స్థలాలు కొనేవాళ్లకు లీగల్ ఒపీనియన్ ఇచ్చే పని బాగా పెరిగింది. ఒపీనియన్ విషయంలో వాళ్లు గట్టివాళ్లు. ఈసీ (ఆ స్థలం మీద రిజిస్టరైన లావాదేవీల పత్రం) ఒక్కటి చూసి ఊరుకోరు, స్థలం అంతకుముందు ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే లింకు డాక్యుమెంట్లన్నీ తెమ్మంటారు. మేము గోడౌన్ కోసం చూసుకున్న ఒక స్థలంలో అక్కచెల్లెళ్ల సంతకాలు లేని పాత పంపకం కాగితం పట్టుకుని, కొనొద్దన్నారు. బేరం వదులుకున్నాం.

ఇక పెరుగుదల వల్ల పోయినవి. 2002 జూలైలో సివిల్ ప్రొసీజర్ కోడ్ సవరణలు అమల్లోకి వచ్చాయి. అంతకుముందు సాక్షి బోనులో నిలబడి చీఫ్ ఎగ్జామినేషన్, అంటే తనను పిలిచిన పక్షం తరఫు సాక్ష్యం, నోటితో చెప్పేవాడు. సవరణ తర్వాత అది అఫిడవిట్ రూపంలో దాఖలవుతోంది, బోనులో మిగిలింది క్రాస్, అంటే అవతలి లాయర్ వేసే ప్రశ్నలు. ఇంగ్లీషు అఫిడవిట్ చివర, దీన్ని తెలుగులో చదివి వినిపించారని, అర్థం చేసుకునే సంతకం పెట్టానని ఒక మాట ఉంటుంది. సీనియర్ గారి రోజుల్లో అది నిజంగా జరిగేది. మా నాన్నగారిని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్కో పేరా తెలుగులో చెప్పి, "ఇది మీరు చెప్పిందేనా?" అని అడిగి, ఆయన ఔనన్నాకే తర్వాతి పేరాకు వెళ్లేవారు. ఒక్కోసారి సాయంత్రమంతా దానికే సరిపోయేది.

ఆఫీసు పెద్దదయ్యాక ఆ ఓపిక తగ్గింది. సంతకం చేయాల్సిన చోట పెన్సిల్‌తో గుర్తు పెట్టి ఫైలు ముందుకు తోసేవారు. మా గోడౌన్ గుమాస్తా ఒక కేసులో అలాగే సంతకం చేసి సాక్షిగా వెళ్లాడు. సరుకు తాను దగ్గరుండి లారీకి ఎక్కించానని అందులో రాసి ఉంది. నిజానికి అతను డెలివరీ చలానా మాత్రమే రాశాడు, ఎక్కించింది ఇంకొకరు. క్రాస్‌లో అవతలి లాయర్ ఆ పేరా చూపించి, లారీ ఎవరిది, డ్రైవర్ ఎవరు, ఎన్ని పైపులు ఎక్కించావు అని వరసగా అడిగితే చెమటలు పట్టి నిలబడిపోయాడు. పచ్చి నిజమైన బాకీ అది. అతను తెలిసినంతవరకే చెప్పి ఉంటే ఏ ఇబ్బందీ ఉండేది కాదు. చివరికి సగానికి రాజీ పడ్డాం. ఇన్నేళ్లలో నాకు బాగా బాధ కలిగించిన సంగతి ఇదే.

దాదాపు అదే కాలంలో జూనియర్లు వస్తూ పోతూ ఉండేవారు. ఫైలు ఒకరి చేతి నుంచి ఇంకొకరి చేతికి మారేటప్పుడు ఒక వాయిదా డైరీలో ఎక్కలేదు. మా తరఫున ఎవరూ హాజరు కాలేదని దావా డిఫాల్టు కింద కొట్టేశారు. అప్పుడు మాత్రం సీనియర్ గారే స్వయంగా ఫోన్ చేశారు, తప్పు తమదేనన్నారు. వెంటనే రిస్టోరేషన్ పిటిషన్ వేయించి, ఖర్చులన్నీ ఆఫీసే భరించి, దావాను మళ్లీ నంబరు మీదకు తెచ్చారు. ఆ ఫోన్ రాకపోయి ఉంటే మేము ఫైళ్లన్నీ తెచ్చేసుకునేవాళ్లం.

ఆ తర్వాత పద్ధతులు మార్చారు. ఇప్పుడు ప్రతి ఫైలు మీద ఇద్దరు జూనియర్లు ఉంటారు. సాక్షి అఫిడవిట్‌ను ముందు తెలుగులో రాసి మాకు పంపుతారు, మేము ఒప్పుకున్నాకే ఇంగ్లీషులోకి వెళ్తుంది. వాయిదా సమాచారం కూడా ఒక దారికి వచ్చింది. ఒకప్పుడు గుమాస్తా గారు పోస్టు కార్డు రాసేవారు. తేదీతో పాటు "జడ్జిగారు సెలవు" అనో "అవతలివారు కౌంటరు (జవాబు) వేయలేదు, ఆఖరి అవకాశం ఇచ్చారు" అనో ఒక ముక్క ఉండేది. ఎస్సెమ్మెస్‌లు వచ్చాక ఉత్త తేదీ మిగిలింది. తేదీ ఈ-కోర్టుల యాప్‌లో నేనూ చూసుకోగలను. వాయిదా ఎందుకు పడింది, వచ్చేసారి మేమేం సిద్ధం చేసుకోవాలి అన్నది కదా నాకు కావలసింది! ఇదే మాట పదేపదే చెప్పగా, ఇప్పుడు ప్రతి వాయిదా సాయంత్రం వాట్సాప్‌లో రెండు మూడు లైన్ల నోట్ వస్తోంది. ఎప్పుడన్నా రాకపోతే నేను ఊరుకోను, అడిగి తెప్పించుకుంటాను.

హైకోర్టు సంగతి క్లుప్తంగా చెప్తాను. 2019 జనవరి 1న ఆంధ్రప్రదేశ్‌కు వేరే హైకోర్టు వచ్చేదాకా అప్పీలంటే హైదరాబాద్‌కు రాత్రి రైలే. ఇప్పుడు హైకోర్టు ఉన్న అమరావతిలోని నేలపాడు వెళ్లి సాయంత్రానికి కొట్లో ఉంటున్నాను. హైకోర్టు విభజన సమయంలో హైదరాబాద్‌లో ఉన్న మా ఫైళ్ల జాబితా తయారుచేసి, ఏవి ఇటు బదిలీ అయ్యాయో, ఏవి తెలంగాణలోనే ఉన్నాయో ఒక్కోటీ రాసిచ్చారు. అడక్కుండానే చేశారు.

లోపలి వాతావరణం గురించి ఒక మాట. మన దగ్గర లా ఆఫీసంటే కొడుక్కో అల్లుడికో దక్కేదే అన్న అభిప్రాయం ఉంది. ఇక్కడ సీనియర్ గారి కొడుకుతో సమానంగా, ఒకప్పుడు కేసు కట్టలు మోసిన జూనియర్ కూడా పార్ట్‌నర్ అయ్యారు. మా ఫైళ్లు ఇప్పుడు ఆయనే చూస్తారు. సివిల్ విభాగం నడిపేది ఒక మేడమ్ గారు. ఆమె క్రాస్‌కు లేస్తే అవతలి సాక్షి జాగ్రత్తగా మాట్లాడాల్సిందే. జూనియర్లకు నెల నెలా జీతం ఇస్తున్నారు. చాలా చోట్ల ఇప్పటికీ దారి ఖర్చులే ఇస్తారని విన్నాను. జూనియర్లు నిలబడుతున్నారు కాబట్టి నేను ప్రతిసారీ కేసు మొదటినుంచి చెప్పుకోవాల్సిన పని తప్పింది.

ఫీజులు మాత్రం ఎక్కువే. వసూలైనదాంట్లో ఇంత శాతం అని ఏనాడూ అడగలేదు, అలా అడగడం నియమాలకు విరుద్ధం కూడా. దశలవారీగా ఎంతో ముందే కాగితం మీద రాసిస్తారు. అయినా చిన్న మొత్తాల బాకీలకు వీళ్ల దగ్గరికి వెళ్లడం గిట్టుబాటు కాదు. అలాంటివి మేము లోక్ అదాలత్‌లో తేల్చుకుంటున్నాం, ఈ సలహా ఇచ్చింది కూడా వాళ్లే. సీనియర్ గారు ఇప్పుడు కోర్టుకు రారు, సాయంత్రాలు ఆఫీసులో కూర్చుంటారు. కొత్త క్లయింట్లకు ఆయన అపాయింట్‌మెంట్ దొరకడం కష్టం. ఆయన పేరు చూసి వెళ్లేవాళ్లు, తమ ఫైలు రోజూ ఎవరి చేతిలో ఉంటుందో ముందే అడిగి, వాళ్లతో ఒకసారి కూర్చుని మాట్లాడాకే వకాల్తా మీద సంతకం పెట్టండి. మా అబ్బాయి కంపెనీ అగ్రిమెంట్ల పని హైదరాబాద్‌లోని ఒక పెద్ద సంస్థకు ఇచ్చాడు, దానికి నాకు అభ్యంతరం లేదు. బాకీల కేసులు, స్థలాల కాగితాలు మాత్రం ఇక్కడి నుంచి కదిలించడానికి నేను ఒప్పుకోలేదు.