మోటర్‌హోమ్‌తో ఏడేళ్లు, ఎడారిలో ఒక రోజు

మా మోటర్‌హోమ్‌ని, అంటే మంచం, వంటిల్లు, బాత్రూమ్ అన్నీ ఉన్న బండిని, 2018లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. 2012 మోడల్, 24 అడుగుల క్లాస్ సి, అంటే డ్రైవర్ సీటు నెత్తిమీద మంచం ఉండే రకం, ఫోర్డ్ ఇ-450 ఛాసిస్, 6.8 లీటర్ల వీ10 పెట్రోల్ ఇంజిన్. ఇప్పటికి 38 వేల మైళ్లు తిప్పాం, అందులో సగానికి పైగా ఎడారుల్లోనే, ఎందుకంటే దక్షిణ కాలిఫోర్నియాలో మా ఇంటి నుంచి తూర్పుకి తిరిగితే రెండు గంటల్లో మొహావీ ఎడారి వచ్చేస్తుంది. ఇలాంటి బండి ఎడారికి పనికొస్తుందా అని మనవాళ్లు అడుగుతుంటారు. పనికొస్తుంది, కానీ ఎండ దేన్ని దెబ్బతీస్తుందో ముందే తెలుసుకుని దిగాలి.

2024 ఫిబ్రవరిలో అమ్మానాన్నలు అనంతపురం నుంచి వచ్చారు. ముందురోజు రాత్రి బార్‌స్టోలో ఆగి, పొద్దున ఏడింటికి డెత్ వ్యాలీ నేషనల్ పార్కుకి బయల్దేరాం. అక్కడా ఇక్కడా తిరగడం కలుపుకుని ఆ రోజు మొత్తం దాదాపు 240 మైళ్లు. కారుకి అదేం లెక్క కాదు, ఈ బండికి మాత్రం నిండా ఒక రోజు పని, నేను గంటకు 60 మైళ్లు దాటించను. గ్యాలన్‌కి 8 మైళ్లు ఇస్తుంది, ఏడేళ్లలో ఎప్పుడు లెక్కేసినా అంతే. అందుకే దారిలో బేకర్ అనే ఊళ్లో 55 గ్యాలన్ల ట్యాంకు నింపేశాను, పార్కు లోపల ఇంకా ఖరీదు. పెట్రోల్ కొట్టించే ముందు వంట గ్యాస్ సిలిండర్ వాల్వ్ కట్టేయడం మర్చిపోవద్దు. బేకర్‌లో ఒక పెద్ద థర్మామీటర్ నిలబెట్టారు, 134 అడుగుల ఎత్తు. 1913 జులై 10న డెత్ వ్యాలీలో నమోదైన 134 డిగ్రీల ఫారన్‌హీట్‌కి గుర్తుగా అంత ఎత్తు. సెల్సియస్‌లో 56.7 అని చెబితే నాన్న కాసేపు మాట్లాడలేదు.

బేకర్ దాటాక 127 నంబర్ రోడ్డు. షొషోనీ దాకా దాదాపు 55 మైళ్లు, మధ్యలో ఊరు లేదు, సిగ్నల్ లేదు, మ్యాపులు ముందే ఫోన్‌లో దింపుకోవాలి. బండి ఎత్తు కాబట్టి అడ్డగాలి కొట్టిందంటే రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉండాలి, మొదటి ఏడాది భుజాలు నొప్పెట్టేవి, తర్వాత వెనక యాక్సిల్‌కి బండి పక్కలకి ఊగకుండా ఆపే మందమైన కడ్డీ (యాంటీ స్వే బార్) వేయించాక సగం టెన్షన్ పోయింది. నాన్నకి షుగర్ ఉంది, గంటకోసారి బాత్రూమ్‌కి వెళ్లాలి. ఈ రోడ్డు మీద కార్లో అయితే ఆయన నీళ్లు తాగడమే మానేస్తారు, ఎడారిలో అది ప్రమాదం. బండిలో బాత్రూమ్ ఉండటంతో రోడ్డు పక్కన గట్టి నేల చూసి ఆపేవాణ్ణి, ఐదు నిమిషాల్లో మళ్లీ కదిలేవాళ్లం. నా వరకు ఈ బండి కొన్నందుకు అదొక్కటే చాలు.

ఎండిపోయిన వాగుల్ని ఇక్కడ వాష్ అంటారు. ఒకదాని పక్కన ఆగినప్పుడు నాన్న దిగి ఇసుక చేత్తో తీసి చూసి, "ఇది మన వంకే కదరా" అన్నారు. నిజమే. మన అనంతపురానికి పడమటి కనుమలు వాన అడ్డుకున్నట్టే, డెత్ వ్యాలీకి సియెర్రా నెవాడాతో మొదలుపెట్టి వరసగా కొండలు అడ్డుపడతాయి. అక్కడ ఏడాదికి రెండంగుళాల వాన. అనంతపురంలో అంతకు పదింతలు పడుతుంది, అయినా మనం కరువు కరువు అంటాం కదా అని అమ్మ ఆశ్చర్యపోయింది.

డెత్ వ్యాలీ జంక్షన్‌లో పులిహోర, పెరుగన్నం తిన్నాం, గ్యాస్ స్టవ్ మీద అమ్మ అప్పటికప్పుడు అప్పడాలు కూడా వేయించింది. ఎదురుగా అమర్గోసా ఆపెరా హౌస్. 1967లో మార్తా బెకెట్ అనే న్యూయార్క్ డాన్సర్ ఇక్కడ టైరు పంక్చరై ఆగి, పాడుబడ్డ ఆ హాలు చూసి మనసు పారేసుకుని, మరుసటి ఏడాది నుంచి అందులో నాట్యం చేయడం మొదలుపెట్టింది. చూసేవాళ్లు తక్కువని ప్రేక్షకుల బొమ్మల్ని గోడల నిండా తనే గీసుకుంది. ఆవిడకి పంక్చరై మంచి జరిగింది.

మాకు అలా జరగలేదు. 2019 మే నెలలో నీడిల్స్ దగ్గర, బయట 104 డిగ్రీల ఫారన్‌హీట్, వెనక ఒక్కో పక్క జంటగా ఉండే టైర్లలో లోపలిది పేలిపోయింది. రబ్బరు ముక్కలు చక్రం పైన ఉన్న రేకుని చీల్చి వాడిన నీళ్లు చేరే గ్రే ట్యాంకు పైపుని విరగ్గొట్టాయి. టైర్ల మీద గాడి బాగా మిగిలి ఉంది, అమ్మినవాళ్లు కొత్తవాటిలాగే ఉన్నాయని నమ్మబలికారు, నేనూ గాడి లోతు చూసి నమ్మాను. అసలు చూడాల్సింది తేదీ. టైరు పక్క గోడ మీద డాట్ కోడ్ అనే తయారీ నంబర్‌లో చివరి నాలుగు అంకెలు ఉంటాయి, మావి 2311, అంటే 2011లో 23వ వారం. ఎనిమిదేళ్లు ఎండలో నిలబడ్డ రబ్బరు! ఆ వారమే ఆరు టైర్లూ మార్చాను, చక్రాల్లో గాలి, వేడి చెప్పే సెన్సర్లు పెట్టించాను. ఇంకోటి, గాలి పొద్దున్నే బండి కదలక ముందు కొలవాలి. ఎండలో నడిచాక అంకె పెరిగింది కదా అని గాలి తీసేయకండి, చల్లబడ్డాక తక్కువైపోతుంది, తక్కువ గాలితో నడిస్తే టైరు ఇంకా వేడెక్కుతుంది.

మధ్యాహ్నం బ్యాడ్‌వాటర్ చేరాం. సముద్రమట్టానికి 282 అడుగులు దిగువ. 2023 ఆగస్టులో హిల్లరీ తుఫాను ఏడాది వానంతా ఒక్క రోజులో కురిపించడంతో ఉప్పు మైదానం చెరువైంది, ఫిబ్రవరి వానలకి అది మళ్లీ నిండింది. మోకాలి లోతు కూడా లేదు, కానీ కొండలన్నీ తలకిందులుగా అందులో కనిపిస్తున్నాయి. అమ్మ చెప్పులు విప్పి అంచున నిలబడి చాలాసేపు రాలేదు. తిరిగి వస్తూ ఆర్టిస్ట్స్ డ్రైవ్‌లోకి తిప్పాం. 25 అడుగులు దాటిన బండ్లని అక్కడికి రానివ్వరు. కొనేటప్పుడు 31 అడుగులది చూసి వదులుకున్నందుకు ఇలాంటి చోట్ల సంతోషిస్తుంటాను.

ఫిబ్రవరి కాబట్టి ఆ రోజు ఏసీ అవసరం పడలేదు. మే, అక్టోబర్ ట్రిప్పుల సంగతి వేరు. డ్యాష్‌బోర్డు ఏసీ ముందు ఇద్దరికే సరిపోతుంది, వెనకవాళ్ల కోసం జనరేటర్ వేసి పైకప్పు ఏసీ నడపాలి, గంటకి అర గ్యాలన్ పెట్రోల్ పోతుంది. 2021లో ఒకసారి మిట్టమధ్యాహ్నం జనరేటర్ ఎంతకీ స్టార్ట్ కాలేదు, మా ఆవిడా నేనూ కంగారుపడి ఫ్యూజులన్నీ పీకి చూశాం. తీరా చూస్తే ట్యాంకు పావు కంటే తక్కువకి దిగింది. పెట్రోల్ మొత్తం జనరేటరే తాగేసి బండి ఎడారిలో ఆగిపోకుండా దాని గొట్టాన్ని కావాలనే ట్యాంకులో పైకి పెడతారట. మంచి ఏర్పాటే, కానీ కొన్నప్పుడు ఆ ముక్క ఎవరూ చెప్పలేదు. ఫ్రిజ్ కూడా వంద డిగ్రీలు దాటితే మొరాయిస్తుంది, పాలు విరిగిపోయాయి. దాని వెనక గదిలో కంప్యూటర్ ఫ్యాన్లు రెండు బిగించాక పెరుగు పులవకుండా నిలుస్తోంది.

ఇంజిన్ గురించి నాకు ఒక్క ఫిర్యాదూ లేదు. డెత్ వ్యాలీలోని టౌన్ పాస్ ఘాట్‌లో దాదాపు ఐదు వేల అడుగులు ఎక్కాలి, నాలుగు వేల ఆర్‌పీఎంతో గోల పెడుతూ 35 మైళ్ల వేగంతో ఎక్కుతుంది, మొదటిసారి భయమేస్తుంది, ఆ చప్పుడు మామూలే. దిగేటప్పుడు టో హాల్ బటన్ నొక్కితే గేరే బండిని పట్టుకుంటుంది, బ్రేకులు కాలవు.

బండి మీద కట్టిన ఇల్లు మాత్రం ఇంజిన్ అంత గట్టిది కాదు. ప్రతి ట్రిప్పు తర్వాత అరమరల్లో సన్నటి దుమ్ము దొరుకుతుంది. పైకప్పు మీద కిటికీల చుట్టూ ఉండే సీలెంట్ ఎండకి బీటలు వారుతుంది, ఎడారిలో వాన లేదు కాబట్టి తెలియదు, ఇంటికొచ్చాక మొదటి వానకి కారుతుంది. మాకు మూడో ఏడాది అలాగే మంచం పైన చెక్క ఉబ్బింది. ఇప్పుడు ఏటా అక్టోబర్‌లో నిచ్చెన వేసుకుని ఎక్కి చూస్తాను.

చీకటి పడే వేళకి, రాత్రి ఆగడానికి, పార్కులోనే ఉన్న స్టోవ్‌పైప్ వెల్స్ చేరాం. ఏడాదికి ఒకటి రెండు ట్రిప్పులే అయితే అద్దెకి తీసుకోవడమే మేలు, కాకపోతే చాలా అద్దె కంపెనీలు ఎండాకాలంలో డెత్ వ్యాలీకి ఒప్పుకోవు, ముందే అడగండి. మేం మాత్రం ఉంచుకుంటున్నాం. ఆ రాత్రి చపాతీలు తిన్నాక నాన్న టార్చ్ పట్టుకుని బండి చుట్టూ తిరిగి ఆరు టైర్ల మీద తేదీలూ తనే చదివి, "అన్నీ 2019వే" అని చెప్పారు. ఇప్పుడు వాటికి ఆరేళ్లు నిండాయి, ఈ వేసవిలోపు మార్పిస్తున్నాను.