తర్పణం కిట్: 21 వస్తువుల్లో పనికొచ్చేవి ఎన్ని?

మహాలయ పక్షాలు దగ్గరపడగానే ఆన్‌లైన్‌లో తర్పణం కిట్లు వరసకడతాయి. ఇక్కడ చూస్తున్నది అలాంటిదే ఒకటి. ధర 499 రూపాయలు, మూత మీద ‘21 వస్తువులు’ అని పెద్ద అక్షరాలు. ఆ అంకె చూసి కొనకండి. ఇంట్లో తిలతర్పణానికి కావలసినవి నల్లనువ్వులు, దర్భలు, చెంబుడు నీళ్లు, ఒక పళ్లెం. ఇవి నాలుగూ బాగుంటే కిట్ బాగున్నట్టే. ఈ డబ్బాలో కుంకుమ ఉంది, పసుపు కలిపిన అక్షింతలు ఉన్నాయి, రెండు రకాల అగరుబత్తీలు ఉన్నాయి. పితృకార్యంలో కుంకుమకు చోటు లేదు, పసుపు అక్షింతలు వాడరు. పూజ కిట్ సర్దినవాళ్లే అదే పట్టీ చూసుకుని దీన్నీ సర్దినట్టుంది.

నువ్వుల సంగతి. పొట్లం 50 గ్రాములు. తండ్రి, తాత, ముత్తాత, వాళ్ల భార్యలు, అలాగే తల్లి వైపు మూడు తరాల దంపతులు కలిపి పన్నెండుమంది. ఒక్కొక్కరికి మూడేసి సార్లు అంటే 36 సార్లు నీళ్లు వదలాలి. చిటికెడుకు అర గ్రాము వేసుకున్నా 18 గ్రాములు. పక్షాల్లో కారుణ్య పితరులకు, అంటే పెదనాన్నలు, మేనత్తలు, అన్నదమ్ములు, గురువులు, స్నేహితులకు కూడా వదులుతారు కాబట్టి ముప్ఫై దాకా వెళ్తుంది. అమావాస్య ఒక్కరోజు చేసేవాళ్లకు 50 గ్రాములు చాలు. కానీ డబ్బా మీద ‘పదిహేను రోజులకు సరిపడా’ అని ఉంది. పక్షమంతా రోజూ చేసేవాళ్లకు అరకిలో దగ్గర పెట్టుకోవాలి. నాణ్యత మాత్రం ఫర్వాలేదు: వేయించనివి, పురుగు లేదు, రాళ్లు లేవు. నల్లనువ్వులు తడిపితే కొద్దిగా రంగు దిగడం సహజమే. నీళ్లు సిరాలా మారి, వేళ్లకు నలుపు అంటుకుని, గింజ తెల్లబడితే రంగు వేసినవని అర్థం. ఇవి అలా కాలేదు.

అసలు లోపం దర్భల్లో ఉంది. కట్టలో సగం పోచలకు కొసలు విరిగిపోయాయి. కొస ఉన్న దర్భనే కర్మకు తీసుకోవాలి, విరిగినది పక్కన పెట్టాలి. దర్భ అంచు వెంట వేలు నడిపితే గరగరలాడుతూ గీసుకుపోతుంది. మామూలు గడ్డిని దర్భ పేరుతో కట్టి అమ్మేవాళ్లున్నారు కనుక ఈ పరీక్ష తప్పకుండా చేయండి. ఇది దర్భే, కానీ బాగా పాతది. పోలాల అమావాస్యనాడు కోసిన దర్భ ఏడాదంతా పనికొస్తుందని పెద్దలు చెబుతారు. అయినా ప్లాస్టిక్ సంచిలో నొక్కి సీలు వేస్తే అది పెళుసెక్కుతుంది, మడిచీ మడవగానే ఫట్‌మంటుంది. నీళ్లు చిలకరించి, తడిగుడ్డలో పావుగంట చుట్టి ఉంచితే కొంత మెత్తబడుతుంది.

కిట్‌లో రెడీమేడ్ పవిత్రాలు, అంటే వేలికి తొడిగే దర్భ ఉంగరాలు, రెండు ఇచ్చారు. రెండూ రెండేసి పోచలతో ముడేసినవి. శుభకార్యాలకు రెండు, పితృకార్యాలకు మూడు, ప్రేతకార్యానికి ఒకటి అన్నది వ్యవహారంలో ఉన్న లెక్క. తర్పణం పేరుతో అమ్మే డబ్బాలో రెండు పోచల పవిత్రం పెట్టడం క్షమించదగ్గ పొరపాటు కాదు. పైగా ఉంగరపు వేలికి ఎక్కనంత చిన్నవి. విడి దర్భల్లోంచి మూడు మంచివి ఏరి మీరే కట్టుకోండి.

పళ్లెం అల్యూమినియం రేకుది. దీన్ని పక్కన పెట్టి రాగి, కంచు లేదా వెండి పళ్లెం వాడండి. ఇనుము, స్టీలు కూడా వద్దు. ఏదీ లేకపోతే అరటాకు నయం. నెయ్యి సీసా మీద సన్నటి అక్షరాలు చదవండి, ‘దీపారాధనకు మాత్రమే, తినడానికి కాదు’ అని ఉంది. పిండాల్లో కలపాల్సింది తినే ఆవునెయ్యి. తినడానికి పనికిరానిది పెద్దలకు ఎలా పెడతాం? బియ్యప్పిండి పావుకిలో ఇచ్చారు, కానీ వండిన అన్నంతో పిండాలు పెట్టే ఇళ్లలో దానికి పని లేదు.

పుస్తకం ఎనిమిది పేజీలు, తెలుగు అచ్చు స్పష్టంగా ఉంది, గోత్రనామాలకు ఖాళీలు వదిలారు, జంధ్యం ఎక్కడ సవ్యం, ఎక్కడ అపసవ్యమో గుర్తులు పెట్టారు. ఇది నిజంగా మెచ్చుకోదగ్గ పని. అపసవ్యమంటే జంధ్యాన్ని కుడి భుజం మీదికి మార్చుకోవడం. అప్పుడు దక్షిణముఖంగా కూర్చోవాలి, నీళ్లు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనుంచి జారాలి. వేళ్ల కొసలనుంచి వదిలితే అది దేవతీర్థం, అంటే దేవతలకు వదిలే పద్ధతి అవుతుంది. ఈ తేడాకు ఒక బొమ్మ వేసి ఉంటే కొత్తగా చేసేవాళ్లకు మేలయ్యేది. సంకల్పంలో మాత్రం ‘శ్రీశైలస్య ఈశాన్య ప్రదేశే’ అని అందరికీ ఒకటే అచ్చువేశారు. హైదరాబాదులో కూర్చున్నవాళ్లకు అది వాయవ్యం. 2026 ఉగాది నుంచి పరాభవ నామ సంవత్సరం కాబట్టి పాత ప్రతి వస్తే అక్కడా దిద్దుకోవాలి. ‘ఉదయాన్నే ముగించండి’ అన్న సూచన కూడా సరికాదు. పితృకార్యానికి అపరాహ్ణం ప్రధానం. పగటిని అయిదు భాగాలు చేస్తే నాలుగోది, అంటే ఆరింటినుంచి ఆరింటిదాకా పగలనుకుంటే సుమారు 1:12 నుంచి 3:36 వరకు. అన్నిటికంటే ముఖ్యం, సాధారణంగా తండ్రి ఉన్నవాళ్లు తర్పణం చేయరన్న ఒక్క మాట పుస్తకంలో ఎక్కడా లేదు.

పెత్రమాసనాడు, అంటే మహాలయ అమావాస్యనాడు, పెద్దల పేరున బియ్యం ఇచ్చే తెలంగాణ ఇళ్లకు ఈ కిట్ అక్కర్లేదు. వాళ్లకు కావలసింది స్వయంపాకం: బియ్యం, పప్పు, ఉప్పు, చింతపండు, నెయ్యి, కూరగాయలు, దక్షిణ. ఇదే 499 రూపాయలు దానికి పెడితే ఒకరి ఇంట్లో అన్నం ఉడుకుతుంది. పురోహితుడు వచ్చి చేయించే ఆబ్దికానికీ ఇది చాలదు. ఆయన ఇచ్చే పట్టీనే నమ్ముకోండి. ఊళ్లో పూజాసామాను కొట్టు ఉన్నవాళ్లు నువ్వులు, దర్భలు చేత్తో పట్టి చూసి కొనుక్కోవడమే మంచిది. దర్భ దొరకని ఊళ్లలో ఉన్నవాళ్లు, ఒక్క అమావాస్య తర్పణం కోసమైతే, పైన చెప్పిన సవరణలతో తెప్పించుకోవచ్చు. విదేశాలకు పట్టుకెళ్లేవాళ్లు మాత్రం జాగ్రత్త. ఆస్ట్రేలియా వంటి దేశాల్లో గింజలు, ఎండుగడ్డి విమానాశ్రయంలో తప్పనిసరిగా చెప్పాలి, దాస్తే జరిమానా పడుతుంది.

తర్పణం అయ్యాక ఏం చేయాలో కూడా పుస్తకం చెప్పలేదు. పవిత్రం ముడి విప్పి విడిచిపెట్టాలి, ముడితో పారేయకూడదు. పళ్లెంలోని నువ్వుల నీళ్లు సింకులో కాకుండా, ఎవరూ తొక్కని చోట చెట్టు మొదట్లో పోయండి.