నికాన్ డీఎఫ్: పాత లెన్సు ఎక్కుతుంది, ఫోకస్ మాత్రం కనబడదు

నికాన్ డీఎఫ్ అనే ఈ డిజిటల్ ఎస్ఎల్ఆర్ కెమెరా సెన్సార్ గురించీ ఐఎస్‌ఓ గురించీ 2013 నుంచి అందరూ రాస్తూనే ఉన్నారు. నా కోపం అంతా ఒక్క ముక్క మీద: ప్రిజం కింద ఉండే ఫోకసింగ్ స్క్రీన్, అంటే కన్ను పెట్టి చూసే ఫైండర్ కోసం లెన్సు బొమ్మ పడే మసక పలక.

చేత్తో ఫోకస్ చేసేవాళ్ల కోసమే తీసిన బాడీ ఇది. మౌంటు పక్కన అపర్చర్ రింగుకు తగులుకునే చిన్న మీట ఉంది. దాన్ని పైకి మడిస్తే 1977కి ముందటి నాన్-ఏఐ (ఆ మీటకు అపర్చర్ తెలిపే ఏర్పాటు లేని) లెన్సులు కూడా నిక్షేపంగా ఎక్కుతాయి. మీట మడవని బాడీకి అదే లెన్సు బిగిస్తే రింగు అంచు మీట మీదికి వచ్చి విరిచేస్తుంది. మెనూలో తొమ్మిది లెన్సుల వివరాలు దాచుకోవచ్చు. నాన్-ఏఐ అయితే రింగు తిప్పిన ప్రతిసారీ ముందు డయల్‌తో కూడా అదే ఎఫ్ సంఖ్య (అపర్చర్ కొలత, సంఖ్య తగ్గేకొద్దీ తెరుపు పెద్దది) పెట్టాలి, లేకపోతే వెలుతురు కొలిచే మీటరు తప్పు చెబుతుంది. ఇది అలవాటైపోతుంది. ఇంత ఆలోచించి మీట పెట్టినవాళ్లు, ఆ లెన్సులోంచి చూసే స్క్రీన్ దగ్గరికొచ్చేసరికి ఆటోఫోకస్ కెమెరాల్లో వేసేదే వేసి ఊరుకున్నారు. దాన్ని మార్చుకునే ఏర్పాటు కూడా ఇవ్వలేదు.

ఆ రకం స్క్రీన్ కెమెరాతో కలిపి అమ్మే మామూలు కిట్ జూములతో కూడా వెలుతురుగా కనబడాలని చేసింది. లెన్సు అంచుల నుంచి వచ్చే వాలు కిరణాలను అది కంటిదాకా చేర్చదు. అందుకే ఎఫ్ 1.4 లెన్సు బిగించినా మనకు కనబడే డెప్త్ (పదునుగా కనబడే లోతు) దాదాపు ఎఫ్ 2.8ది. పరీక్ష తేలిక: రింగు 2.8 మీద పెట్టి, అపర్చర్‌ను పెట్టిన కొలతకు మూసి చూపే డెప్త్ ప్రివ్యూ బటన్ నొక్కి చూడండి. ఫైండర్‌లో వెలుతురు పెద్దగా మారదు. అంటే అప్పటిదాకా మనం చూసింది కూడా 2.8నే. 1982 నాటి ఎఫ్‌ఎం2లో (నికాన్ వాళ్ల ఫిల్మ్ కెమెరా) మధ్యన స్ప్లిట్ ప్రిజం ఉండేది: ఫోకస్ తప్పితే గీత రెండు ముక్కలుగా విడిపోతుంది, కుదిరితే కలుస్తుంది. షట్టర్ వేగం అందులోనూ 1/4000, ఇందులోనూ 1/4000. స్క్రీన్ మాత్రం వెనక్కి పోయింది.

ఫోకస్ కుదిరితే ఫైండర్‌లో వెలిగే పచ్చ చుక్క ఉందిగా అంటారు. రామప్ప గుడిలో రంగమంటపం స్తంభాల దగ్గర చూడండి. నల్లరాయి, పైగా అద్దంలాంటి మెరుగు. కాంట్రాస్ట్ లేక చుక్క వెలుగుతూ ఆరుతూ ఉంటుంది. మదనికల (గుడి చూరు కింది స్త్రీ శిల్పాల) నగల అంచు దొరికితే నిలబడుతుంది కానీ, రింగు కొంచెం అటూ ఇటూ తిప్పినా వెలిగే ఉంటుంది, ఎఫ్ 1.4కి ఆ కొంచెమే చాలా ఎక్కువ. ఎప్పుడూ ఇన్ఫినిటీ వైపు నుంచే తిప్పుతూ వచ్చి, చుక్క వెలిగిన చోటుకీ ఆరిన చోటుకీ నడిమధ్య ఆపాలి. కదలని శిల్పానికి ఇది పనికొస్తుంది. వేయిస్తంభాల గుడి ముందు బతుకమ్మ ఆడేవాళ్లకు పనికిరాదు.

బయట అమ్మే స్ప్లిట్ స్క్రీన్ వేయించడం అందరూ చెప్పే మందు. అసలు గోల అక్కడే. పని చూడటానికి చిన్నదే: అద్దం ముందున్న తీగ క్లిప్పు ట్వీజర్‌తో వదులు చేస్తే పాత స్క్రీన్ కిందికి దిగుతుంది. ఏ ముఖం కిందికి ఉందో చూసుకోవాలి, అంచుల్లోనే పట్టుకోవాలి, గుడ్డతో తుడవకూడదు, బ్లోయర్ గాలి ఒక్కటే. కొత్తది మందంలో వెంట్రుకవాసి తేడా ఉన్నా లెక్క తప్పుతుంది. నాకొచ్చిన దాంట్లో ఫైండర్‌లో మదనిక ముఖం మీద గీత కలిసేది, తీసిన ఫొటోలో వెనకున్న దూలం పదునుగా వచ్చేది. వెనకది పదునుగా వస్తే స్క్రీన్ పైకి జరిగినట్టు, దాని పైనుండే షిమ్ము (ఎత్తు సరిచేసే పల్చటి ముక్క) మందం పెంచాలి. ముందుది వస్తే తగ్గించాలి. సరిచూడటానికి స్కేలును 45 డిగ్రీల వాలులో పెట్టి, మీటరు దూరం నుంచి 50 ఎంఎం పూర్తిగా తెరిచి కంటితో ఫోకస్ చేసి ఒకటి, లైవ్ వ్యూలో (వెనక తెర మీద) పెద్దది చేసి ఒకటి తీసి పోల్చండి. పూర్తిగా తెరిచినా ఎఫ్ 5.6 కంటే చిన్న తెరుపే ఉండే లెన్సుతో స్ప్లిట్‌లో సగం నల్లబడుతుంది. మీటరు కూడా స్క్రీన్ మీంచే చదువుతుంది కాబట్టి మధ్యలో ప్రిజం ఉంటే ఒక్క చుక్క దగ్గరే వెలుతురు కొలిచే స్పాట్ మీటరింగ్‌ను నమ్మొద్దు.

మీటను మెచ్చుకున్నాను కానీ, డయళ్ల మీద అంత మెప్పు లేదు. ఫొటో వెలుతురు పెంచే, తగ్గించే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ డయల్ ఎడమవైపు, అదీ లాక్ బటన్‌తో. ఎడమ చెయ్యి ఫోకస్ రింగు మీద ఉండే మనిషికి ఇది ఏ లెక్కన అనుకూలం? ఎమ్ (మాన్యువల్) మోడ్‌లో పెట్టేసి దాన్ని మర్చిపోవడమే మేలు. కార్డు స్లాటు ఒక్కటే, అదీ బ్యాటరీ మూత కింద, కాబట్టి కింద ట్రైపాడ్ ప్లేటు బిగిస్తే మూత తెరుచుకోకపోవచ్చు. (గుళ్లో ట్రైపాడ్‌కు పురావస్తు శాఖ అనుమతి కావాలన్నది వేరే సంగతి.)

నా పని ఎక్కువగా రాతి మీద, అపర్చర్ 5.6, 8 మధ్య. ఆ పనికి కంపెనీ స్క్రీన్ కూడా సరిపోతుంది, ఫైళ్లు ఇప్పటికీ నచ్చుతాయి. చీకట్లో మనుషుల్ని ఎఫ్ 1.4తో తీయాలంటే ఫైండర్‌లోనే పెద్దది చేసి చూపే మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని) కెమెరా తీసుకోండి. పాత నాన్-ఏఐ లెన్సులు ఇంట్లో ఉంటేనే డీఎఫ్ సెకండ్ హ్యాండ్‌లో వెతకండి. మీట పైకీ కిందికీ గట్టిగా ఆగుతోందా చూడండి, స్క్రీన్ ఎవరైనా మార్చారా అడగండి, మార్చి ఉంటే అసలు స్క్రీన్, షిమ్ములు కూడా ఇప్పించుకోండి.