ప్లాస్మా పిస్టన్‌కి ఐరన్ కోర్ కాయిలా, ఎయిర్ కోరా?

సిలిండర్లో ఆర్గాన్ లాంటి జడవాయువు నింపి, స్పార్క్‌తో ప్లాస్మాగా (కరెంటు పారే వేడి వాయువుగా) మార్చి, బయట చుట్టిన కాయిల్‌తో దాన్ని అదిమిపట్టి పిస్టన్‌ని నెట్టించాలన్నది ఈ ఇంజిన్ ఆలోచన. కాయిల్ కోసం విజయవాడ ఆటోనగర్లో ఏ రీవైండింగ్ షాపుకెళ్లినా "స్టాంపింగులు లేకుండా కాయిలేంటి బాబూ" అంటారు, అంటే కాయిల్ మధ్యలో కోర్‌గా పెట్టే ఇనుప రేకులు. ఇనుప పిస్టన్‌నే అయస్కాంతంతో లాగే కాలేజీ మోడల్ అయితే వాళ్లన్నదే కరెక్ట్, తక్కువ కరెంటుకే గట్టిగా లాగుతుంది.

ప్లాస్మా దగ్గర లెక్క మారిపోతుంది. స్పార్క్ కొట్టి ఆరిపోయేలోపే కాయిల్లో కరెంటు లేవాలి. ఇనుము ఉంటే ఇండక్టెన్స్ (కరెంటు మార్పుని అడ్డుకునే గుణం) పెరిగి కరెంటు మెల్లగా ఎక్కుతుంది, పైగా అయస్కాంత ఫీల్డ్ 2 టెస్లాల దగ్గర ఇనుము శాచురేట్ అయ్యాక ఇంకెంత కరెంటు పోసినా కలిసొచ్చేది తక్కువ. మధ్యలో ఇనుము లేని ఎయిర్ కోర్‌కి ఈ బాధ లేదు, కానీ కరెంటు మాత్రం తెగ తాగుతుంది. 10 సెంటీమీటర్ల పొడవులో 100 చుట్లు వేసి 100 ఆంపియర్లు ఇచ్చినా వచ్చేది సుమారు 0.12 టెస్లా, అంటే అది అదిమే ఒత్తిడి మామూలు గాలి ఒత్తిడిలో 6 శాతం. ఈ కాస్తతో పిస్టన్ కదలదు! నెట్టేదంతా స్పార్క్‌కి వేడెక్కిన గ్యాసే, కాయిల్ మహా అయితే ప్లాస్మాని కాస్త సర్దుతుంది. పెట్టిన కరెంటుకి మించి పని వస్తుందనే వీడియోలు నమ్మకండి. ఇలాంటి ఇంజిన్నే జోసెఫ్ పాప్ 1968లో కాలిఫోర్నియాలో చూపిస్తుంటే, మోసమని అనుమానించిన భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ దాని కరెంటు ప్లగ్ పీకాడు, కాసేపటికి ఇంజిన్ పేలి ఒకతను చనిపోయాడు.

అయినా చేసి చూడాలనుంటే నా ఓటు ఎయిర్ కోర్‌కే. కాకపోతే పాత బైకు అల్యూమినియం సిలిండర్ మీద మాత్రం చుట్టొద్దు. 1 కిలోహెర్ట్జ్ పల్స్‌కి అల్యూమినియంలో రెండున్నర మిల్లీమీటర్లు దాటేసరికి ఫీల్డ్ మూడో వంతుకి పడిపోతుంది, మిగతాదంతా ఎడ్డీ కరెంట్లుగా (లోహంలోనే సుడులు తిరిగే కరెంటుగా) ఆ గోడనే వేడి చేస్తుంది. 304 స్టెయిన్‌లెస్ పైపు అయితే అదే పల్స్ 13 మిల్లీమీటర్ల దాకా వెళ్తుంది, పల్చటి గోడ ఉన్నది చూసుకుంటే చాలు.

ఇంకోటి, కాయిల్‌కి ఒక్కసారిగా కరెంటిచ్చే కెపాసిటర్లు. 400 వోల్టులకి ఛార్జ్ చేసిన 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్లో 80 జౌళ్ల శక్తి ఉంటుంది, స్విచ్ ఆపినా అది ఎక్కడికీ పోదు. కాయిల్ కంటే ముందు కెపాసిటర్ కాళ్ల మధ్య, ఆ ఛార్జ్‌ని మెల్లగా ఖాళీ చేసే బ్లీడర్ రెసిస్టర్ ఒకటి వేయించండి.