గేర్ లాక్, స్టీరింగ్ రాడ్, జీపీఎస్: రెండేళ్ళు వాడాక నా రివ్యూ (రోడ్డు మీద కారు పెట్టేవాళ్ళ కోసం)

ముందు నాకేం జరిగిందో చెప్తా, లేకపోతే ఇవన్నీ ఎందుకు కొన్నానో అర్థం కాదు. 2023 నవంబర్‌లో కొంపల్లి వైపు ఒక ఫంక్షన్ హాల్‌లో పెళ్ళికి వెళ్ళాం, లోపల పార్కింగ్ నిండిపోయిందని బయట సర్వీస్ రోడ్డు పక్కన పెట్టమన్నారు, పెట్టాను, భోజనాలు అయ్యి తిరిగి వచ్చేసరికి వెనక ఎడమ డోర్ అద్దం లేదు. సీటు నిండా కలకండ ముక్కల్లా గాజు. సీటు మీద నా ల్యాప్‌టాప్ బ్యాగు ఉండాలి, లేదు. ల్యాప్‌టాప్ పోయిందని కాదండీ నా బాధ, అది ఆఫీసుది, ఇంకోటి ఇచ్చారు. అదే బ్యాగులో నాన్న హార్ట్ ఆపరేషన్ ఫైల్ ఉంది, ఎనిమిదేళ్ళ రిపోర్టులు, పాత ఈసీజీలు, డాక్టర్ చేత్తో రాసిన చీటీలు. దొంగకి అవి చిత్తు కాగితాలు. మాకు మాత్రం మళ్ళీ అవన్నీ పోగుచేసుకోవడానికి మూడు నెలలు పట్టింది, కొన్ని ఇప్పటికీ దొరకలేదు. ఆ గాజు ముక్క ఒకటి ఏడాది తర్వాత సీటు బెల్ట్ పెట్టే సందులో దొరికింది.

అప్పుడు తెలిసిన విషయం ఏంటంటే, ముందు అద్దం మధ్యలో ప్లాస్టిక్ పొర ఉన్న లామినేటెడ్ గాజు, పగిలినా అతుక్కునే ఉంటుంది, కానీ పక్క డోర్ల అద్దాలు మామూలుగా టెంపర్డ్ గాజు, గట్టిగా ఒక్క పోటు పడితే మొత్తం రాలిపోతుంది. అంటే అద్దం పగలగొట్టి బ్యాగు తీసుకుపోయేవాడిని ఏ లాకూ ఆపదు. వాడికి కావాల్సింది పది సెకన్లే. ఇంకో సంగతి, కారు ఫుల్ ఇన్సూరెన్స్‌లో అద్దం వస్తుంది కానీ లోపల పెట్టిన వస్తువులు రావు, నాకు అక్కడే చెప్పేశారు. కాబట్టి దీనికి మందు ఒక్కటే, సీటు మీద ఏమీ కనపడకూడదు. ఛార్జింగ్ కేబుల్ వేలాడుతున్నా లోపల ఫోనో ట్యాబో ఉంటుందనుకుంటారు. డిక్కీలో పెట్టాలంటే ఇంటి దగ్గరే పెట్టుకుని బయల్దేరాలి, అక్కడికి వెళ్ళి దిగి అందరూ చూస్తుండగా డిక్కీ తెరిచి బ్యాగు పెడితే చూపించి మరీ పెట్టినట్టే. కొంతమంది నల్ల ఫిల్మ్ వేయించు లోపల కనపడదు అన్నారు, వద్దండీ, సుప్రీంకోర్టు 2012లోనే దాని మీద తీర్పు ఇచ్చింది, మన దగ్గర ట్రాఫిక్ పోలీసులు ఆపి ఫైన్ వేసి రోడ్డు మీదే పీకించేస్తారు.

సరే, బ్యాగు సంగతి అలా, మరి కారే పోతే? మేం ఉండేది నిజాంపేటలో, అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్‌కి ఒకటే పార్కింగ్, అది తమ్ముడి కారుకి ఇచ్చేశాం, నా స్విఫ్ట్ దాదాపు ఎప్పుడూ బయట సందులోనే. అందుకే ఆ డిసెంబర్‌లో కూర్చుని ఒక్కొక్కటి కొన్నాను.

మొదటిది గేర్ లాక్. కోఠి దగ్గర పుత్లీబౌలిలో ఒక షాపులో వేయించాను, ఫిట్టింగ్‌తో కలిపి 3,600 తీసుకున్నారు. ఆన్‌లైన్‌లో దీనికంటే తక్కువకి దొరుకుతుంది కానీ ఇది మనం ఇంట్లో బిగించుకునే వస్తువు కాదు, గేర్ చుట్టూ ఉండే కన్సోల్ ప్లాస్టిక్ విప్పి కింద ఉన్న లోహానికి బ్రాకెట్ బిగించాలి. నేను పక్కనే నిలబడి చూశాను. ఆ బ్రాకెట్‌కి వాడే బోల్టులు మామూలువి కావు, బిగిస్తూ బిగిస్తూ ఉంటే ఒక దగ్గర టక్కున తల తెగి ఊడొస్తుంది, నున్నటి మొండెం మాత్రం లోపల ఉండిపోతుంది, ఇక దానికి ఏ స్పానరూ పట్టదు. ఫిట్టింగ్ చేసిన అన్న ఆ తెగిన తలలు నాలుగూ నా చేతిలో పోసి "పరేషాన్ అవ్వకండి సార్, ఇక ఇది ఊడాలంటే కట్టర్ పెట్టాలె" అన్నాడు. ఇంకా వెచ్చగా ఉన్నాయి అవి. అక్కడే నాకు నమ్మకం కుదిరింది.

వాడడం తేలిక, రివర్స్ గేర్‌లో వేసి లాక్ లోపలికి నొక్కితే చాలు, తీయడానికి మాత్రం తాళంచెవి కావాలి. ఆటోమేటిక్ కార్లకైతే పార్క్‌లో లాక్ పడేది ఉంటుంది. దీని గొప్పతనం ఏంటంటే ఇందులో వైర్లు లేవు, కరెంట్ లేదు. ఇప్పుడు కార్ల దొంగలు స్క్రూడ్రైవర్ తెచ్చే రోజులు కావు కదా, స్టీరింగ్ కింద ఓబీడీ పోర్టుకి (సర్వీస్ సెంటర్‌లో కంప్యూటర్ తగిలించి కారు చెక్ చేసే సాకెట్) ట్యాబ్ లాంటిది తగిలించి కొత్త కీ ప్రోగ్రామ్ చేసుకుని ఇంజన్ స్టార్ట్ చేసేస్తున్నారు, సరైన కీ లేకపోతే ఇంజన్ స్టార్ట్ కానివ్వని, కంపెనీ ఇచ్చిన ఇమ్మొబిలైజర్‌ని అలా దాటేస్తారు. కానీ ఇంజన్ స్టార్ట్ అయినా గేర్ రివర్స్‌లోంచి కదలకపోతే వాడు చేసేదేముంది, సందు చివరిదాకా వెనక్కే పోవాలి.

ఇబ్బందులు ఉన్నాయి, దాచను. మన అపార్ట్‌మెంట్లలో ఒకరి కారు వెనక ఇంకొకరు పెట్టి, గేర్ న్యూట్రల్‌లో ఉంచి హ్యాండ్‌బ్రేక్ తీసి వెళ్ళడం అలవాటు కదా, వాచ్‌మన్ తోసి దారి ఇస్తాడు, గేర్ లాక్ వేస్తే అది కుదరదు, కారు అంగుళం కదలదు. ఒకసారి అలా లాక్ వేసి పైకి వెళ్ళిపోతే పక్క ఫ్లాట్ అంకుల్ డయాలసిస్‌కి వెళ్ళాల్సి ఉండి నా కోసం లిఫ్ట్ దగ్గర పది నిమిషాలు నిలబడ్డారు, నాకు చాలా సిగ్గనిపించింది. అప్పటినుంచి సెల్లార్‌లో అయితే వేయను, రోడ్డు మీద అయితే వేయకుండా ఉండను.

రెండోది స్టీరింగ్ రాడ్, స్టీరింగ్‌కి అడ్డంగా తగిలించి తాళం వేసేది, పసుపు రంగుది, 1,100. నిజం చెప్పాలంటే బలం విషయంలో గేర్ లాక్ ముందు ఇది ఆగదు, మంచి హ్యాక్‌సా ఉంటే రాడ్ జోలికి కూడా పోకుండా స్టీరింగ్ రిమ్మునే కోసి తీసేయొచ్చు. రోజూ పెట్టడం తీయడం బద్ధకం కూడా. మరి ఎందుకు కొన్నావంటే, గేర్ లాక్ బయటినుంచి కనపడదు. ఇది కనపడుతుంది. దీని విలువ నాకు 2025 జనవరిలో, సంక్రాంతికి తెలిసింది.

కనుమ తెల్లవారుజామున. మా సందంతా ఖాళీ, సగం మంది ఊళ్ళకి పోయారు, మేము నాన్న వల్ల వెళ్ళలేదు. ఎదురింటి కెమెరాలో మొత్తం ఉంది, నేను ఎన్నిసార్లు చూశానో. 2:40కి ఒకడు మంకీ క్యాప్ పెట్టుకుని నడిచొచ్చాడు, నా కారు డ్రైవర్ డోర్ అద్దానికి ఫోన్ టార్చ్ ఆనించి లోపలికి చూశాడు, ఆ వెలుగు స్టీరింగ్ మీద పడి రాడ్ పసుపు రంగు తెరలో కూడా కనపడుతుంది, అలా ఒక ఆరు సెకన్లు. లైట్ ఆర్పి రెండు కార్ల అవతలికి వెళ్ళాడు. అక్కడ ఉన్నది పై ఫ్లోర్ బావగారి కారు (బంధువు కాదు, కలిసి ఉండి ఉండి అలా పిలుచుకుంటాం), దానికి ఏమీ లేవు. ఏడు నిమిషాల్లో తీసుకుని వెళ్ళిపోయాడు.

బావగారు అప్పటికి భీమవరంలో ఉన్నారు, రైల్లో వెళ్ళారు. పొద్దున లేచి ఫోన్ చూసుకుంటే ఫాస్టాగ్ మెసేజ్, 4:20కి పంతంగి టోల్ దాటినట్టు. నేను ఇక్కడుంటే నా కారు విజయవాడ రోడ్డు మీద ఎలా ఉందిరా అని నాకు ఫోన్ చేశారు, నేను కిందికి పరిగెత్తాను, కారు ఉండాల్సిన చోట ఆయిల్ మరక తప్ప ఏం లేదు. ఆ మెసేజ్ ఒక్కటే ఆధారం, తర్వాత ట్యాగ్ పీకేసినట్టున్నారు, ఇంకో మెసేజ్ రాలేదు. 112కి కొట్టాం, ఇక్కడ స్టేషన్‌లో బీఎన్ఎస్ (పాత ఐపీసీ బదులు వచ్చిన చట్టం) 303, అంటే దొంగతనం సెక్షన్ కింద ఎఫ్ఐఆర్ అయింది. మీలో ఎవరికైనా ఊళ్ళో ఉండగా ఇలా జరిగితే హైదరాబాద్ వచ్చేదాకా ఆగక్కర్లేదు, ఉన్న ఊళ్ళోనే జీరో ఎఫ్ఐఆర్ (తమ పరిధి కాకపోయినా ఏ స్టేషన్‌లోనైనా రాసుకునేది) ఇవ్వొచ్చు, ఆన్‌లైన్‌లో ఇచ్చినా తీసుకుంటారు, 3 రోజుల్లో వెళ్ళి సంతకం పెట్టాలి.

ఆయన ఇన్సూరెన్స్ కథ కూడా చెప్పాలి, ఎందుకంటే అందరం అక్కడే దెబ్బ తింటాం. థర్డ్ పార్టీ పాలసీ మాత్రమే ఉంటే కారు పోతే రూపాయి రాదు. ఆయనకి ఫుల్ పాలసీ ఉంది, అది అదృష్టం. కానీ క్లెయిమ్‌కి వెళ్తే కంపెనీవాళ్ళు రెండు తాళంచెవులూ అడిగారు, ఆయన దగ్గర ఒకటే ఉంది, రెండోది ఇల్లు మారినప్పుడు ఎక్కడో పోయింది, దానికి అప్పట్లో కంప్లైంట్ కూడా ఇవ్వలేదు. తాళం కారులోనే వదిలారేమో అన్న అనుమానంతో తిప్పారు ఆయన్ని. పోలీసులు కారు దొరకలేదని ఇచ్చే రిపోర్టు రావాలి, ఆర్టీఓకి తెలియజేయాలి, లోన్ ఉంది కాబట్టి బ్యాంకు కాగితాలు, వచ్చిన డబ్బులో ముందు బ్యాంకుదే. ఆరు నెలలు తిరిగి ఐడీవీలో (పాలసీలో రాసిన కారు విలువ) కోత పెట్టి ఇచ్చినదాంతో సరిపెట్టుకున్నారు. దయచేసి ఈరోజే మీ బీరువా తీసి రెండో తాళం ఉందో లేదో చూడండి. పోయుంటే ఇప్పుడే పోలీస్ కంప్లైంట్ ఇచ్చి కాగితం దాచుకోండి.

ఆ రాత్రి తర్వాత బావగారు అడిగింది, నీ జీపీఎస్ ఎలా పనిచేస్తుంది అని. నాది వైర్ చేసి లోపల దాచినది, 2,800, సిమ్ రీఛార్జ్ ఏడాదికి 1,200. ఇంజన్ ఆన్ అవ్వగానే ఫోన్‌కి అలర్ట్ వస్తుంది, అది చాలా బాగుంది. ఓబీడీ పోర్టుకి గుచ్చేవి తీసుకోకండి, దొంగ ముందు చెయ్యి పెట్టేదే అక్కడ, పీకి పారేస్తాడు. నాకు వచ్చిన కష్టం ఏంటంటే సిమ్ వ్యాలిడిటీ అయిపోతే కంపెనీ నుంచి ఒక్క మెసేజ్ రాలేదు, రెండు వారాలు పాత లొకేషన్ చూపిస్తూనే ఉంది, కారు కదలట్లేదేమో అనుకున్నా. కస్టమర్ కేర్‌కి నాలుగుసార్లు చేస్తే గానీ చెప్పలేదు. సెల్లార్లలో సిగ్నల్ కూడా పోతుంది. కాబట్టి ఇది కారు పోయాక వెతకడానికి, పోకుండా ఆపడానికి కాదు. రీఛార్జ్ తేదీ మీరే ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి.

డాష్‌క్యామ్ పార్కింగ్ మోడ్ (కారు ఆపి ఉన్నా రికార్డ్ చేసేది) గురించి ఎక్కువ చెప్పను. పెట్టించుకుంటే దాన్ని కారు బ్యాటరీకి కలిపే హార్డ్‌వైర్ కిట్‌లో బ్యాటరీ ఓల్టేజ్ తగ్గగానే ఆగిపోయేలా కటాఫ్ ఉన్నది చూసుకోండి, నేను 12 ఓల్ట్‌లకి పెట్టాను, లేకపోతే నాలుగు రోజులు కదపని కారు స్టార్ట్ కాదు. మన మే నెల ఎండకి లోపల బ్యాటరీ ఉన్న క్యామ్‌లు ఉబ్బిపోతాయి, బ్యాటరీ బదులు సూపర్ కెపాసిటర్ ఉన్నవి తట్టుకుంటాయి. ముఖానికి గుడ్డ కట్టుకున్నవాడి వీడియో వల్ల పెద్దగా ఒరిగేదేం లేదు, బండికి గీతలు పడ్డప్పుడు ఎవరు కొట్టారో తెలియడానికి మాత్రం రెండుసార్లు పనికొచ్చింది.

చివరగా తమ్ముడి కారు, అది కీలెస్. జేబులో కీ ఉంటే హ్యాండిల్ పట్టుకోగానే తెరుచుకునే రకం. వీటికి వేరే జబ్బు ఉంది, ఒకడు ఇంటి తలుపు దగ్గర ఒక పెట్టె పట్టుకుని నిలబడి లోపలున్న కీ సిగ్నల్‌ని లాగుతాడు, ఇంకొకడు కారు దగ్గర దాన్ని అందిస్తాడు, కారు కీ పక్కనే ఉందనుకుని తెరుచుకుంటుంది. దీనికి సిగ్నల్ ఆపే పౌచ్ 400 పెట్టి కొన్నాం. కొత్తలో బాగా పనిచేసింది, ఎనిమిది నెలలకి మడత దగ్గర లోపలి వెండి పొర చీలి పనికిరాకుండా పోయింది, పైకి మాత్రం కొత్తదానిలాగే ఉంది. పరీక్ష చాలా సులువు, కీ పౌచ్‌లో పెట్టి చేతిలో పట్టుకుని డోర్ దగ్గర నిలబడి హ్యాండిల్ లాగండి, తెరుచుకుంటే అవతల పారేయండి. ఇప్పుడు అమ్మ పాత స్టీల్ డబ్బా ఒకటి ఇచ్చింది, మూత గట్టిగా పట్టేది, అదే పరీక్ష దానికీ చేశాం, తెరుచుకోలేదు, ఇక రాత్రిళ్ళు కీ అందులోనే. మీ డబ్బాతో మీరు చేసి చూసుకోండి, మూత వదులైతే పనిచేయకపోవచ్చు.

ఎంత పెట్టాలని నన్నెవరైనా అడిగితే 5,000 ఉంటే గేర్ లాక్, రాడ్, ఈ రెండే. ఇంకా ఉంటే జీపీఎస్. గేర్ లాక్ మీద ఏఆర్ఏఐ (బండ్లని, వాటి పరికరాలని పరీక్షించే సంస్థ) అప్రూవల్ ఉందో లేదో అడిగి బిల్లు, సర్టిఫికెట్ దాచుకోండి, అలాంటి పరికరానికి ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో (ఇన్సూరెన్స్‌లో మన సొంత కారు నష్టానికి కట్టే భాగం) 2.5 శాతం, ఎక్కువలో ఎక్కువ 500 దాకా తగ్గింపు అడగొచ్చు. లాక్‌తో రెండు తాళాలు, నంబర్ ఉన్న ఒక చిన్న కార్డు ఇస్తారు, డూప్లికేట్ కావాలంటే ఆ కార్డే కావాలి, కారులో మాత్రం పెట్టకండి. బావగారు పోయిన నెల సెకండ్ హ్యాండ్ బండి తీసుకున్నారు, శనివారం పొద్దున్నే పుత్లీబౌలి తీసుకెళ్ళాను, అదే అన్న బిగించాడు, గంట పట్టింది. ఆ షాపు ఆదివారం ఉండదు, 11 దాటితే ఆ రోడ్డులో కారు ఆపడానికే చోటు దొరకదు, తొందరగా వెళ్ళండి.