ఆరేళ్ల మెరైన్ ట్యాంక్: మా ఇంట్లో ఏ చేప నిలిచింది, ఏది పోయింది

హైదరాబాద్‌లో మా ఫ్లాట్ హాల్లో నాలుగడుగుల మెరైన్ ట్యాంక్ పెట్టి ఈ ఉగాదికి ఆరేళ్లు నిండాయి, కింద ఫిల్టర్ కోసం పెట్టే సంప్ అనే తొట్టితో కలిపి 250 లీటర్ల దాకా ఉంటుంది. ఉప్పునీటి చేపలు పెంచుదామని ఎవరడిగినా నేను చెప్పేది ఒకటే, ముందు నారింజ ఒంటి మీద తెల్ల చారలుండే క్లౌన్ ఫిష్ జత ఒకటి తెచ్చుకోండి, అదీ హేచరీలో పుట్టింది అయితేనే తెచ్చుకోండి, మిగతావన్నీ ఆ తర్వాత చూసుకోవచ్చు.

నేను మాత్రం అలా మొదలుపెట్టలేదు. చేపల మలం నుంచి వచ్చే విషాన్ని విరగ్గొట్టే బ్యాక్టీరియా కొత్త ట్యాంక్‌లో పెరిగేలా చేయడాన్ని సైక్లింగ్ అంటారు. షాపులో "సైక్లింగ్‌కి డామ్సెల్స్ వేయండి సార్, గట్టి చేపలు, చావవు" అన్నారని మూడు చారల డామ్సెల్స్ నాలుగు తెచ్చా. గట్టివే, అందులో అబద్ధం లేదు, కానీ మూడు నెలలు తిరిగేసరికి వాటిలో పెద్దది మిగతా మూడింటినీ తరిమి తరిమి తోకలు కొరికి చంపేసింది, ఆ తర్వాత ఏ కొత్త చేప వేసినా రాళ్ల వెనక నుంచి బయటికి రానిచ్చేది కాదు. దాన్ని పట్టుకోవడానికి రాళ్లన్నీ తీసి సగం నీళ్లు తోడాల్సొచ్చింది. ఇప్పుడైతే సైక్లింగ్‌కి చేపే వద్దంటా, పచ్చి రొయ్య ఒకటి వేసి వదిలేయండి, అమ్మోనియా, నైట్రైట్ అనే ఆ విషాలు పెరిగి మళ్లీ రెండూ సున్నాకి వచ్చేదాకా నాలుగు నుంచి ఆరు వారాలు ఓపిక పట్టండి చాలు.

తర్వాత బ్లూ ట్యాంగ్. పిల్లలు ఆ నీలం రంగు చూసి షాపులోంచి కదల్లేదు, మూడంగుళాలే ఉంది కదా అని తెచ్చేశాం. అది పెరిగితే అడుగు పొడవవుతుంది, సముద్రంలో తిరిగే చేప, మా నాలుగడుగుల ట్యాంక్‌లో ఈ అద్దం నుంచి ఆ అద్దానికి తిరుగుతూనే ఉండేది, చూస్తేనే బాధేసేది. పదో రోజుకి ఒళ్లంతా ఉప్పు చల్లినట్టు తెల్ల మచ్చలు, పన్నెండో రోజు పొద్దున లేచేసరికి లేదు. క్వారంటైన్ చేయకుండా నేరుగా వేసేశాను, తప్పు నాదే. ఆ మచ్చల పురుగు చేప ఒంటి మీద నుంచి రాలి ఇసుకలో, రాళ్ల మీద ఉండిపోతుంది, కాబట్టి మిగిలిన చేపల్ని వేరే టబ్‌లో పెట్టి కాపర్ మందు వేస్తూ, మెయిన్ ట్యాంక్‌ని 76 రోజులు చేప లేకుండా నడపాల్సొచ్చింది. కాపర్ మెయిన్ ట్యాంక్‌లో వేయకూడదు, రొయ్యలూ నత్తలూ చచ్చిపోతాయి.

ఆ టబ్‌లో కూడా ఒక్కపూట మేత మానకుండా బతికినవి నా క్లౌన్సే. ఒసెల్లారిస్ జాతి, తెచ్చినప్పుడు రెండూ అంగుళంన్నర లేవు. ఇవన్నీ పుట్టడం మగవిగానే పుడతాయి, రెండింట్లో పెద్దది తర్వాత ఆడదవుతుంది, అందుకే ఒకటి పెద్దది ఒకటి చిన్నది ఏరుకోండి, జత త్వరగా కుదురుతుంది. మా చిన్నది పెద్దదాని ముందుకొచ్చి పక్కకి ఒరిగి గడగడా వణుకుతుంది, మొదట్లో జబ్బేమో అని కంగారుపడ్డా, తీరా చూస్తే "నువ్వే పెద్ద" అని ఒప్పుకోవడం అది. సముద్రంలో ఇవి దాక్కునే అనెమొనీ అనే పువ్వులాంటి జీవి లేకపోతే బతకవంటారు గానీ మా ఇంట్లో ఏ రోజూ లేదు. హేచరీ పిల్లలకి మొదటి నుంచీ పెల్లెట్స్ (మేత గుళికలు) అలవాటు, సముద్రంలో పట్టుకొచ్చిన వాటిలా తిండి మానేయవు. మన దగ్గర సీఎంఎఫ్ఆర్ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) వాళ్లు కూడా క్లౌన్స్‌ని హేచరీలో పుట్టిస్తున్నారు, కాబట్టి షాపులో "ఇది ఎక్కడ పుట్టింది" అని గట్టిగా అడగండి.

రాయల్ గ్రామా ఒకటి నాలుగేళ్లుగా ఉంది, ముందు సగం ఊదా, వెనక సగం పసుపు, ఏ గొడవా లేని చేప. ఫైర్‌ఫిష్ కూడా మంచిదే కానీ ఎగిరి దూకుతుంది, మాది స్టాండ్ వెనక ఎండిపోయి దొరికింది, ఆ రోజే ట్యాంక్ పైన దోమతెర బిగించా. మాండరిన్ అనే చేప ఎంత అందంగా ఉన్నా తేవద్దు, రాళ్ల మీది సన్న పురుగులే దాని తిండి, కొత్త ట్యాంక్‌లో మాడి చస్తుంది. సీహార్స్, గట్టి కోరల్స్ (పగడాలు) వన్యప్రాణి చట్టం కింద ఉన్నాయి, ఎవరు అమ్మినా కొనకండి.

చేపల కంటే నీళ్లకే ఎక్కువ ఖర్చు, అది ముందే ఒప్పుకుని దిగండి. బోరు నీళ్లు పనికిరావు, ఆర్‌ఓ నీళ్లలో లీటరుకి 35 గ్రాముల లెక్కన మెరైన్ సాల్ట్. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు, తగ్గినంత మేర మామూలు ఆర్‌ఓ నీళ్లే పోయాలి, నేను మొదటి ఎండాకాలం ఉప్పునీళ్లు పోసి నీళ్లలో ఉప్పెంతుందో చెప్పే సాంద్రత రీడింగ్ 1.025 ఉండాల్సిందాన్ని 1.030 దాకా తీసుకెళ్లా. మే నెలలో ట్యాంక్ 32 డిగ్రీలు దాటుతుంది, కావాల్సింది 25, 26, కాబట్టి మన ఊళ్లలో నీళ్లు చల్లబరిచే చిల్లర్ లేకుండా మొదలుపెట్టొద్దు. కరెంటు పోతే నడిచే బ్యాటరీ ఎయిర్ పంప్ కూడా తప్పనిసరి.

ఒక మూలన మట్టి మూకుడు వాలుగా పెట్టా, మా క్లౌన్స్ దాని లోపలి వైపే గుడ్లు పెడతాయి. మొదటి రోజు నారింజ రంగులో ఉంటాయి, రోజురోజుకీ నల్లబడి ఎనిమిదో రోజుకి గుడ్డులోంచి వెండి చుక్కల్లా కళ్లు కనిపిస్తాయి. ఇది రాస్తుంటే ఆరో రోజు నడుస్తోంది, అద్దం తుడవడానికి చెయ్యి పెడితే ఆడది వచ్చి కొరికింది, మగది మాత్రం అక్కణ్ణించి కదల్లేదు, రెక్కలతో గుడ్లకి విసురుతూనే ఉంది.